పురపాలక చట్టములందలి మురుగుకాలువ మాటలు - పొరుగునాళ్ల తెలుగువారు

తెలుగువారు పొరుగునాళ్లకు వలసపోయిన కథను వ్రాయువారు సాధారణముగా విజయనగర సేనలతో ప్రారంభింతురు. మధుర, తంజావూరు నాయకరాజులు, షోలాపురపు పద్మశాలీలు, బొంబాయి కామాఠీలు - ఈ వరుసలో మన చరిత్ర నడచును. వేరొక వలసకు ఆ వరుసలో చోటు దొరకుట అరుదు. చెన్నపట్టణము, బెంగుళూరు, కోలారు బంగారుగనులు మున్నగు చోట్ల పాకీదొడ్లను, మురుగుకాలువలను శుభ్రపరచు పనికై వచ్చి తరతరములుగా అచ్చటనే నిలిచిపోయిన తెలుగువారి వలస యది. వారు గుడులు కట్టింపలేదు, శాసనములు చెక్కింపలేదు. వారి జాడ వెదకవలసినది పురపాలక చట్టములందు. ఆ చట్టములందు నీటికి నిర్వచనము కలదు, మలమునకు కలదు, గొట్టమునకు కలదు. గొట్టములోనికి దిగిన మనుష్యునికి మాత్రము చాలకాలము నిర్వచనము లేకపోయెను. ఈ లోపమెట్టిదో, అది యెంతవరకు పూడినదో చూపుట ఈ వ్యాసముయొక్క ప్రయోజనము.

ముందుగా మన మాటలను పరిశీలింతము. తెలుగున ‘మురుగు’ అనగా నిలిచి కుళ్లి కంపుకొట్టుట. (చేతి కడియమునకును ఇదే పేరుండుట భాషలోని వింతలలో నొకటి, దాని ప్రసక్తి ఇచ్చట లేదు.) అనగా మన పూర్వులు ఈ నీటికి పేరుపెట్టునప్పుడు దాని పుట్టుకను గాక దాని కంపును చూచిరి. స్నానాలగదినుండి వచ్చినదైనను, వంటయింటినుండి వచ్చినదైనను, వీధిలో నిలిచిన వాననీరైనను, కంపుకొట్టినచో అది మురుగే. మలమును ఇందులో చేర్చు అలవాటు పల్లెలందు లేదు. అది పొలమునకు పోయెడిది. ‘పెంట’ యను మాటకు నేటి పట్టణవాసి ముక్కు మూసికొనును గాని, రైతునకది ఎరువు. పెంటకుప్ప యున్న యిల్లు కలిగిన యిల్లు.

ఇంగ్లీషు చట్టముల దృష్టి వేరు. అది నీటిని పుట్టుకనుబట్టి విభజించును. వంట, స్నానము, బట్టలుదుకుట మున్నగువానివలన మలినమైన వాడుకనీరు ‘సల్లేజి’. మరుగుదొడ్లనుండి వచ్చు మలజలము ‘సీవేజి’. కర్మాగారములనుండి వచ్చునది ‘ట్రేడ్ ఎఫ్లుయెంటు’. ఆకాశమునుండి వచ్చునది వర్షజలము. భూమి పొరలలోనుండి ఊరునది వేరొకటి. ఈ ఐదింటిని మోయు సాధనమునకంతటికిని ‘డ్రెయిను’ అను ఒకే మాట క్రింద ఇంటికాలువను, సొరంగమును, తూమును, కందకమును, బహిరంగపు కాలువను చేర్చిరి. ‘సీవరు’ అనునది అందులో నొక భేదము మాత్రమే. ఈ పట్టికను చదివిన తెలుగువాడు తన భాషలో ‘మురుగుకాలువ’ యను ఒకే మాట యుండుటకు చిన్నబోనక్కరలేదు. మన మాట ముక్కునకు పుట్టినది, వారి మాటలు తగవులకు పుట్టినవి. ఎవరి నీరు ఎవరి గొట్టములోనికి పోవచ్చును, పోయినచో ఎవరు డబ్బు చెల్లింపవలెను, పోనిచ్చినచో ఎవరిని శిక్షింపవచ్చును అను ప్రశ్నలు వచ్చినప్పుడే నీటికి అన్ని పేర్లు కావలసివచ్చును.

ఈ మాటలు ప్రవాసాంధ్రులలో చాలమందికి ఒకే చట్టముద్వారా చేరినవి. మద్రాసు నగరమునకు 1919లో 4వ చట్టమును, తక్కిన పట్టణములకు 1920లో 5వ చట్టమైన జిల్లా మునిసిపాలిటీల చట్టమును ఏర్పడినవి. నెల్లూరు, బెజవాడ, విశాఖపట్టణము ఏ నిర్వచనముల క్రింద నుండెనో, బరంపురము, బళ్లారి, మధుర కూడ వానిక్రిందనే యుండెను. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడిన పిమ్మటకూడ బరంపురమునకు 1920 చట్టమే వర్తించెను. 1950 ఒరిస్సా మునిసిపల్ చట్టము వచ్చినదాక ఆ స్థితి సాగెను. బళ్లారి 1953లో మైసూరున చేరెను. అచ్చటి మునిసిపాలిటీల చట్టము 1964 నాటిది. ఆంధ్రలో 1965 దాక 1920 చట్టమే నడచెను. యానాము దారి మాత్రము వేరు: అచ్చట 1880 నాటి ఫ్రెంచి శాసనముతో మేయరు, కమ్యూను పద్ధతి వచ్చినది, పుదుచ్చేరి మునిసిపాలిటీల చట్టము 1973 నాటిది. అచ్చుకాగితముమీద మాట ఒకటే యైనను నోట మాట ఊరూరికిని మారినది. చెన్నపట్టణపు తెలుగిండ్లలో తమిళపు సాక్కడ వినవచ్చును. బెంగుళూరున చరండి, షోలాపురమున గటారు, బరంపురమున నర్దమ, హైదరాబాదున మోరి. తెలుగుదేశమున సైతము నేడు జనులు ‘డ్రైనేజీ పొంగినది’ అందురు. ఇంగ్లీషున అది నీరు పోవు ఏర్పాటునకు పేరు. మన నోట అది గొట్టమైనది.

చెన్నపట్టణమును గూర్చి కొంత విపులముగా చెప్పవలెను. ఈ నగరమునకు మురుగుపారుదల ఏర్పాటు కావలెనని 1865లోనే ఇంజనీరు కెప్టెన్ టల్లక్ నివేదిక వ్రాసెను. కాని నగరమంతటికిని వర్తించు క్రమమైన పథకము 1910లో రూపొందింపబడినది. 1961నాటికి జనసంఖ్య సుమారు 6½ లక్షలగునని అంచనావేసి గొట్టముల వెడల్పులు నిర్ణయించిరి. 1961 జనాభాలెక్కలలో నగరమున తేలినవారు 17 లక్షలకు పైబడిరి. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన నుంచి చూచిన తరువాత మురుగుకాలువ చరిత్రలో తక్కిన సంగతులు చాలవరకు తమంతట తామే బోధపడును.

ఏలయన, భూగర్భపు గొట్టము తన్నుతాను శుభ్రపరచుకొనవలెనన్నచో నీరు సెకనుకు సుమారు రెండడుగుల వేగముతోనైన పారవలెను. అంతకు తగ్గినచో ఇసుకయు, పేడయు, గుడ్డపీలికలును అడుగున పేరుకొనును. చెన్నపట్టణము సముద్రమునకు సరిసమానమైన చదునునేల, వాలు దొరకదు. కావున నీటిని ఒకచోట లోతునకు దింపి, పంపులతో ఎత్తి, మరల దింపవలెను. అట్టిచోట గొట్టము చాలకపోయినను, పంపు నిలిచినను, జనులు చెత్తను కాలువలో త్రోసినను ప్రవాహము ఆగును. ఆగిన నీరు తెలుగు మాటకు తగినట్లు ‘మురుగు’ను. మురిగిన మలజలమునుండి హైడ్రోజన్ సల్ఫైడు పుట్టును. అది కొద్దిగా నున్నప్పుడు కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన కొట్టును. హెచ్చినచో ఘ్రాణశక్తినే చంపివేయును. కంపు పోయినదని తలచినవాడు వాస్తవముగా మృత్యుముఖమున నుండును. అడ్డుపడినదానిని తీయుటకై నడివీధిలో చేసిన బిలమునకు ‘మ్యాన్‌హోలు’ అని పేరు. ఆ పేరులోనే మనుష్యుడున్నాడు. చట్టమున లేడు.

పబ్లికు కాలువను వాడుకొనుటకు నియమములు చాలగలవు. పురపాలక సంఘముయొక్క అనుమతి లేక ఇంటికాలువను కలుపరాదు. కాలువ దాపుననుండగా కలుపకుండ కూర్చుండుటకును వీలులేదు. 1888 నాటి బొంబాయి చట్టమున ఈ దూరము నూరడుగులు. కాలువకు హానిచేయు పదార్థములను, ప్రవాహమున కడ్డుపడు వస్తువులను అందులో వేయరాదు. ఇవి యన్నియు మంచి నియమములే. అయితే ఇవి కాలువకు కలుగు హానిని లెక్కించినవి, అడ్డు తీయువానికి కలుగు హానిని లెక్కింపలేదు. గొట్టములో వేడి ఆవిరి వదలినచో గొట్టము చెడునని ఎరిగిన శాస్త్రజ్ఞులు, అందులో మనుష్యుని దింపినచో మనుష్యుడు చెడునని ఎరుగకపోలేదు. అది నిర్వచనమునకు తగిన విషయమని వారికి తోచలేదు.

పనివాడు ఈ చట్టములందు ఎచ్చటనైన కనిపించునేని, మూడుచోట్ల వంకరగా కనిపించును. మొదటిది సందు. బొంబాయి చట్టమున ‘హౌస్ గల్లీ’ యనగా కాలువగా నుపయోగపడుటకో, మరుగుదొడ్డిని బాగుచేయు పనివారు ప్రవేశించుటకో విడిచిన ఇరుకుత్రోవ. అక్కడ నిర్వచింపబడినది త్రోవ. దాని విశేషణములో నొక మూలగా పనివాడు. 1898 ప్లేగు పిమ్మట బెంగుళూరున పెరిగిన మల్లేశ్వరము, బసవనగుడి పేటలలో ఇండ్ల వెనుక విడిచిన ‘కన్సర్వెన్సీ’ సందులు ఈ తలంపునకు రాతి రూపములు. ముంగిట వీధి ఇంటివారికి, వెనుక సందు పాకీవారికి. రెండవది పన్ను. అదే బొంబాయి చట్టమున ‘హలాల్‌ఖోరు పన్ను’ అని యొక పన్ను కలదు. మలమును పురపాలకసంఘము తొలగించునందులకు ఇంటివారు చెల్లించునది. ఒక వర్గము పేరు పన్నుకు పేరైనది. మూడవది శిక్ష. ఇది మన నాళ్లది కాకున్నను చెప్పక తప్పదు: 1916 నాటి ఉత్తరపు సంయుక్తరాష్ట్రముల మునిసిపాలిటీల చట్టమున, నోటీసు లేక పని విడిచిన పాకీపనివానికి జైలుశిక్ష విధింపవచ్చును. ఉద్యోగికి చట్టమిచ్చిన పరిచయము, అతడు పారిపోవువాడను పరిచయము.

చెన్నపట్టణమున ఈ పనిచేసినవారిలో తెలుగు మాటలాడువారు చాలమంది. నెల్లూరు మున్నగు ఉత్తరపు జిల్లాలనుండి వచ్చి పులియంతోపు మొదలగు పేటలలో నిలిచిరి. వీరిలో హెచ్చుమంది అరుంధతీయులు. ఇంట తెలుగు, వీధిని తమిళము, పనిచోట ఇంగ్లీషు ముక్కలు - ఈ మూడింటితో వారి బ్రతుకు గడచెను. పొరుగునాట తెలుగు నిలిచినదని మనము గర్వించునప్పుడు, గ్రంథములు లేక, బడులు లేక, ఎవరి ఆదరణయు లేక నాలుగైదు తరములు దానిని నోట నిలిపిన ఈ పేటలను లెక్కలోనికి తీసికొనుట న్యాయము. మన సంఘముల సభ్యత్వపు పుస్తకములందు ఈ పేటల చిరునామాలెన్ని యున్నవో చూచుకొనుట మనకే మంచిది.

వీరిని పిలిచిన పేర్ల చరిత్ర వేరొక చిత్రము. ‘పాకీ’ యను మాట ‘శుభ్రము’ అను అర్థముగల ‘పాక్’ అను పారసీ మాటనుండి వచ్చినదని తోచుచున్నది. 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథమున గోదావరి జిల్లాలోని పాకీవారు విశాఖపట్టణపు ప్రాంతమునుండి వచ్చినవారనియు, తమ కులనియమములందు మిక్కిలి పట్టుదల గలవారనియు వ్రాయబడినది. ‘మెహతర్’ అనగా పారసీలో ‘పెద్ద’. ‘హలాల్‌ఖోర్’ అనగా న్యాయార్జితమును తినువాడు. అన్నియు గౌరవవాచకములే; అన్నియు తిట్లైనవి. తోటి యను మాట గతి ఇంకను విచారకరము. తెలుగు పల్లెలో తోటి గ్రామసేవకుడు, కరణమునకును రెడ్డికిని కబురు చేరవేయువాడు. తమిళనాట ఆ మాటయే మలము ఎత్తువానికి పేరై నిలిచెను. పల్లె విడిచి పట్టణమునకు వచ్చిన మనుష్యుని వెంట అతని పేరును ఎట్లు దిగజారినదో దీనివలన తెలియును.

పేరు మార్చుకొనవలెనను ప్రయత్నమును వారే చేసిరి. 1917 నవంబరులో బెజవాడలో జరిగిన సభలో భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షత క్రింద ‘పంచమ’ శబ్దమును నిరాకరించి ‘ఆది ఆంధ్ర’ నామమును గ్రహించిరి. 1922లో ఎం. సి. రాజాగారు ప్రతిపాదించిన తీర్మానమును మద్రాసు శాసనసభ ఆమోదింపగా, ప్రభుత్వము ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర నామములను దస్త్రములందు ప్రవేశపెట్టెను. 1920 ప్రాంతమున చెన్నపట్టణమున అరుంధతీయ మహాసభ వెలసినది. దాని నాయకులైన యల్. సి. గురుస్వామిగారు శాసనసభలో సభ్యులుగా నుండిరి. కాని ఇవి కులనామములు. పని పేరు మారలేదు. ఆది ఆంధ్రుడై శాసనసభ దస్త్రములందు చేరినవాడు మ్యాన్‌హోలు మూత ఎత్తునప్పటికి మరల పాకీవాడే.

స్వాతంత్ర్యానంతరము విచారణసంఘములు వచ్చినవి. 1949లో బొంబాయి ప్రభుత్వము బార్వే సంఘమును, 1957లో కేంద్రము మల్కానీ సంఘమును నియమించినవి. నెత్తిన బుట్ట పోయి చేతిబండి రావలెనని వీని సారము. కన్నడనాట 1970 దశకమున మంత్రి బసవలింగప్పగారు నెత్తిన మలము మోయుటను నిషేధించుటయు, ఐ. పి. డి. సాలప్పగారి అధ్యక్షతను ఒక సంఘము పారిశుద్ధ్యపు పనివారి స్థితిగతులను విచారించి 1976లో నివేదిక నొసగుటయు ఎన్నదగినవి. ఐదువందల జనులకు ఒక పనివాడుండవలెనను లెక్క ఆ సంఘము చెప్పినదే. బెంగుళూరున ‘ఝాడమాలి’ స్థానమున ‘పౌరకార్మిక’ శబ్దము నిలిచినది. ఈ శబ్దమును నేను మెచ్చుకొందును. ఇందు కులము లేదు, మలము లేదు. పురమునకు పనిచేయువాడను అర్థ మొక్కటియే కలదు. బెంగుళూరు పౌరకార్మికులలో తెలుగు మాటలాడు కుటుంబములు విశేషముగా నుండుటవలన ఈ కన్నడపు మాట తెలుగువారికి దక్కిన మాటయని చెప్పవచ్చును.

ఇక కోలారు బంగారుగనుల సంగతి. 1880లో జాన్ టేలరు కంపెనీ పని ప్రారంభించిన ఆ గనులలో తమిళులును తెలుగువారును వేలకొలది చేరిరి. 1902లోనే శివసముద్రమునుండి విద్యుత్తు వచ్చిన ఊరది. భూమిలోనికి మైళ్ల లోతున దిగి బంగారము తీయు యంత్రములు వచ్చినవి గాని, కూలీల ఇండ్లవరుసలందలి మరుగుదొడ్లు పొడిదొడ్లుగనే యుండెను. వానిని చేతితో ఎత్తువారు తెలుగు కుటుంబములవారు. అట్టి కుటుంబమున 1966లో జన్మించినవారు శ్రీ బెజవాడ విల్సన్. పూర్వులు వచ్చిన ఊరు ఇంటిపేరై వారివెంట గనులదాక వచ్చినది. 1980 దశకమున వారు ఈ పొడిదొడ్లను గూర్చి అధికారులకు లేఖలు వ్రాయుటయు, ‘అట్టివి లేవు’ అనువారికి ఛాయాచిత్రములు చూపుటయు ప్రారంభించిరి. తరువాత ఆంధ్రదేశపు విశ్రాంత అధికారి యస్. ఆర్. శంకరన్‌గారితోను పాల్ దివాకర్‌గారితోను కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ అను సంస్థను నెలకొల్పిరి. 2016లో వారికి మెగసెసె బహుమాన మీయబడినది.

చట్టమున మనుష్యుడు ప్రవేశించుట ఈ కాలమునకే జరిగినది. 1993లో పార్లమెంటు చేసిన చట్టము పొడిదొడ్లను, చేతితో మలము నెత్తించుటను నిషేధించెను. దానికై మొదట తీర్మానములు చేసిన ఆరు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశము, కర్ణాటకము, మహారాష్ట్రము కలవు. అయితే ఆ చట్టమున మరుగుదొడ్డి కలదు, భూగర్భపు కాలువ లేదు. 2013 చట్టము ఆ కొరతను తీర్చ యత్నించినది. అందు ‘సీవరు’ అనగా మానవమలమును ఇతర మలినములను కొనిపోవు భూగర్భపు గొట్టమని నిర్వచించిరి. దానితోపాటు ‘ప్రమాదకరమైన శుభ్రత’ యను క్రొత్తమాటను చేర్చి, యజమాని రక్షణసాధనముల నీయక, జాగ్రత్తలు పాటింపక కాలువనో సెప్టిక్ టాంకునో మనుష్యునిచే బాగుచేయించుట అని దానికి అర్థము చెప్పి, దానిని నిషేధించిరి. గొట్టమునకును అందులోని మనుష్యునికిని ఒకే చట్టమున ప్రక్కప్రక్కన నిర్వచనము దొరకుటకు, మద్రాసు నగరచట్టము నాటినుండి లెక్కించినచో 94 సంవత్సరములు పట్టెను.

ఈ నిర్వచనమును నెమ్మదిగా చదువవలెను. నిషేధింపబడినది దిగుట కాదు. సాధనములు లేక దిగుట. తొడుగులు, ముసుగులు ఇచ్చితిమని కాగితముమీద చూపగలిగినచో దింపుట నేరము కాకపోవచ్చును. ఒక విశేషణవాక్యములో ఎన్ని ప్రాణములు చిక్కుకొనగలవో దీనివలన తెలియును. విల్సన్‌గారి సంస్థ 2003లో వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2014 మార్చి 27న తీర్పు చెప్పుచు, 1993నుండి కాలువలలో మరణించినవారి కుటుంబములను గుర్తించి ఒక్కొక్కరికి 10 లక్షల రూపాయలు చెల్లింపవలెనని ఆజ్ఞాపించెను. 2023 అక్టోబరు 20న వేరొక వ్యాజ్యమున ఆ మొత్తమును 30 లక్షలకు పెంచి, చేతితో కాలువలు బాగుచేయు పద్ధతిని క్రమముగా పూర్తిగా నిర్మూలింపవలెనని చెప్పెను.

చెన్నపట్టణమున ఈలోపల మాటలు మరల చీలినవి. 1978 చట్టముతో మలజలపు గొట్టములు నీటిసరఫరా, మురుగుపారుదల బోర్డునకు చేరెను. వాననీటి కాలువలు కార్పొరేషనువద్ద నిలిచెను. 1919 చట్టమున ‘డ్రెయిను’ అను ఒకే మాటక్రింద నున్నది రెండు కార్యాలయములైనది. నడివీధిలో నీరు పొంగినప్పుడు అది ఏ నీరో తేలినగాని ఎవరు రావలెనో తేలదు. 1998లో చేసిన తమిళనాడు నగరపాలక చట్టము 2023లో అమలునకు రాగా 1919 చట్టము తొలగిపోయినది. ఆ సంవత్సరమే ఫిబ్రవరి 1న కేంద్ర ఆర్థికమంత్రి తమ ఆయవ్యయోపన్యాసమున, నగరములన్నిటను ‘మ్యాన్‌హోలు’ స్థానమున ‘మెషీన్‌హోలు’ పద్ధతి రావలెననిరి. పేరులోని మనుష్యుని తొలగించి యంత్రమును పెట్టిరి. పులియంతోపు వీధులలో ఇనుపమూతల క్రింది గొట్టములలో 1910 నాటి లెక్కతో వేసినవి ఎన్నియో ఇంకను నీరు మోయుచునే యున్నవి.